కాపలా పద్దు

వారానికి మూడు రోజులే వచ్చే బస్సు
నన్ను దింపేసి పొగమంచులోకి దూరిపోయింది.
మళ్ళీ నాలుగున్నరకే.
డ్రమ్‌ఫెర్న్. జనాభా నలభై ఒకటి.
ఎర్రటి ఫోన్ బూత్ ఉంది, అందులో ఫోన్ లేదు,
ఆగిన గుండెను లేపే యంత్రమొకటి,
అమ్మకానికి రెండు జామ్ సీసాలు,
డబ్బులు వేయడానికో రేకు డబ్బా.

చర్చి తలుపు మీద కాగితం:
"తాళంచెవి ఊనా గిల్‌ఫిల్లన్ దగ్గర.
ఆకుపచ్చ తలుపు. గట్టిగా కొట్టండి."
కొట్టాను.
డెబ్భై దాటిన మనిషి, మోచేతుల దాకా పిండి.
పేరడగలేదు, ఊరడగలేదు,
నా బూట్ల వంక జాలిగా చూసి
తన మొగుడివి తెచ్చి ముందర పడేసింది.
రెండంగుళాలు పెద్దవి.
టపటపలాడించుకుంటూ ఆవిడ వెనకే నడిచాను.

చర్చి చూపించలేదు. "అది అన్ని చర్చిల్లాంటిదే."
సమాధుల మూలన ఒక రాతి గది.
పొయ్యి, బల్ల, ఒకే ఒక్క కిటికీ,
అది కూడా చనిపోయినవాళ్ళ వైపు.
"శవాల దొంగల కోసం," అంది
పాల లెక్క చెప్పినంత మామూలుగా.

రెండువందల ఏళ్ళ కిందట
పట్నంలో వైద్యం చదివేవాళ్ళకి కోసి చూడ్డానికి శరీరాలు కావాలి,
తాజా మట్టికి ధర ఎక్కువ.
అందుకని పూడ్చిన రోజు నుంచి ఆరు వారాలు,
ఇక ఎవరికీ పనికిరాదు అనేదాకా,
ఊరు వంతులేసుకుని మేలుకునేది.
ఇంటికొకరు. తుపాకీ మాత్రం ఒకటే.

పద్దు పుస్తకం తెరిచింది.
"ఏమీ లేదు. వాన."
"ఏమీ లేదు. వాన. బొగ్గు అయిపోయింది."
"ఏదో కదిలింది. కాల్చాం. కమ్మరి పంది.
పన్నెండు షిల్లింగులు బాకీ."
నవ్వాను.
"ఆ పంది దగ్గర అందరూ నవ్వుతారు," అని
పేజీ తిప్పింది.

దస్తూరి మారింది.
ఆడమ్ పిట్‌కెయిర్న్, నేతగాడు.
కూతురు గ్రిజెల్, తొమ్మిదేళ్ళు, గొంతు జ్వరం.
నలభై రెండు రాత్రులూ అతనే,
ఇంకెవరి వంతుకీ ఒప్పుకోలేదు.
"చలి."
"ఇక్కడే ఉన్నా."
"నక్క వచ్చింది, పోయింది."
"ఇక్కడే ఉన్నా."
పంతొమ్మిదో రాత్రి మాటలు లేవు, మగ్గానికి వేసే గళ్ళ లెక్క:
ఎన్ని పోగులు నీలం, ఎన్ని పోగులు బూడిదరంగు,
శాలువా వెడల్పు
చిన్న భుజాలకి సరిపోయేంత.

నలభై మూడో రాత్రి కూడా వచ్చాడట.
వచ్చేసరికి ఎవరో పొయ్యి రాజేసి ఉంచారట.
ఇది పద్దులో లేదు.
ఊనాకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది,
నాయనమ్మకి ఎవరు చెప్పారో మరి.

చట్టం మారింది. దొంగలకి వేరే పనులు దొరికాయి.
పద్దు మాత్రం ఆగలేదు,
ఆపాలని ఎవరికీ తోచలేదంతే.
ఇప్పుడు మొదటి రాత్రి ఒక్కటే, ఒక్క మనిషి.
వెనక పేజీలన్నీ బాల్‌పెన్నువి:
"ఏమీ లేదు. గుడ్లగూబ."
"ఏమీ లేదు. రేడియోలో మ్యాచ్ ఓడిపోయాం."

చివరిది మొన్న మార్చిది.
లక్లన్ గిల్‌ఫిల్లన్, పోస్టు వ్యాన్ డ్రైవరు.
నేను కాళ్ళ వైపు చూసుకోలేదు.
కాపలా ఉన్నది తదెయుష్,
పోలండ్ నుంచి చేపల పెంపకానికి వచ్చి
ఆవిడ పక్కింట్లో అద్దెకుంటున్న కుర్రాడు.
తన భాషలో ఒకటిన్నర వాక్యం రాశాడు.
"ఏమని రాశాడు?"
"అడగలేదు.
ఏమీ లేదు, వాన అనేగా రాస్తారు ఎవరైనా."

గుమ్మం దగ్గర బూట్లు విప్పి ఇచ్చాను.
ఆవిడ వాటిలో పాత పేపర్లు కుక్కి
పొయ్యి పక్కన, ముక్కులు తలుపు వైపుకి పెట్టింది.

బస్సు పావుగంట ఆలస్యం.
ఫోన్ బూత్‌లో, జామ్ సీసాల పక్కన నిలబడ్డాను.
నా బూట్లు నాకు ఇరుకయ్యాయి.